మంచి మెయిళ్లు పోకుండా క్యూలోని స్పామ్‌ని స్క్రిప్ట్‌తో ఎలా తీసేయాలి?

ఎవరిదో పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కింది. తెల్లారేసరికి ఆ ఖాతాలోంచి వేల స్పామ్ మెయిళ్లు బయటికి వెళ్లాయి, వెళ్లలేనివి సర్వర్ క్యూలో, అంటే పంపాల్సిన మెయిళ్ల వరుసలో, పేరుకుపోయాయి. అసలు మెయిళ్లు కదలడం లేదని ఒకటే ఫోన్లు. ఈ టెన్షన్‌లో చాలామంది చేసేది ఒకటే: ఎక్కడో దొరికిన ఒక లైన్ కమాండ్‌ని రూట్‌గా (సర్వర్ మీద పూర్తి అధికారంతో) అతికించి ఎంటర్ కొట్టడం. స్పామ్ పోతుంది, దాంతోపాటు ఎవరో పంపిన బిల్లు, ఇంకెవరో పంపిన రాజీనామా కూడా పోతాయి. ఇలా పాడైన సర్వర్లను సర్ది సర్ది విసుగొచ్చి ఇది రాస్తున్నాను. చెప్పేదంతా పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ గురించే.

కావాల్సినవి

రూట్ అనుమతి, కమాండ్లు నడిపే బాష్, జేసన్ అనే డేటా రూపాన్ని చదివే జేక్యూ అనే చిన్న టూల్, పోస్ట్‌ఫిక్స్ 3.1 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ. అంతే.

వెబ్ ప్యానెల్ జోలికి పోవద్దు. పేజీకి కొన్ని చొప్పున చూపించి టిక్కులు పెట్టమంటుంది. పదో పేజీకి ఓపిక చచ్చి ‘అన్నీ’ నొక్కేస్తాం. ఏం తీశామో తర్వాత చెప్పడానికి ఆధారమూ ఉండదు. పైథాన్‌లో పెద్ద ప్రోగ్రామ్ రాస్తామనేవాళ్లూ ఉన్నారు. అక్కర్లేదు. అర్ధరాత్రి నిద్రకళ్లతో చదివినా అర్థం కావాలి కాబట్టి ఈ స్క్రిప్ట్ 30 లైన్లు దాటకూడదు.

ముందు తూము మూయండి

తూము మూయకుండా నీళ్లు తోడితే లాభం లేదు. ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చండి. అప్పటికే లాగిన్ అయి ఉన్న కనెక్షన్‌కి పాస్‌వర్డ్ మారిన సంగతి తెలియదు, దాన్నీ తెంచండి.

జాబితా తీయండి

క్యూని చూపించే పోస్ట్‌క్యూ కమాండ్‌కి చిన్న ‘జె’ ఆప్షన్ ఇస్తే ఒక్కో మెయిల్‌కి ఒక్కో లైన్ చొప్పున జేసన్‌లో ఇస్తుంది. అందులో పంపినవారి అడ్రస్ అచ్చంగా మీకు కావాల్సిందే అయితేనే ఆ మెయిల్ క్యూ ఐడీని (ఒక్కో మెయిల్‌కి సర్వర్ ఇచ్చే గుర్తింపు) ఫైల్లో రాయమని జేక్యూకి చెప్పండి. ‘అచ్చంగా’ అన్నది ముఖ్యం. క్యూని చూపే ఇంకో కమాండ్ మెయిల్‌క్యూ అవుట్‌పుట్‌ని, ఇచ్చిన మాట ఉన్న లైన్లు వెతికే గ్రెప్‌తో వడగట్టేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ‘రాజు’ అని వెతికితే ‘నాగరాజు’ కూడా దొరుకుతాడు. రాజు పంపినవే కాదు, రాజుకి వచ్చేవీ దొరుకుతాయి. పైగా ఆ అవుట్‌పుట్‌లో ఐడీ పక్కన నక్షత్రం గుర్తో ఆశ్చర్యార్థకమో అంటుకుని ఉంటుంది. దాన్ని తీసేయకపోతే ఆ ఐడీ పనికిరాదు.

ఇంకో చిక్కుంది. స్పామర్ లాగిన్ అయ్యేది ఒక ఖాతాతో, పంపినవారి అడ్రస్‌గా పెట్టేది ఇంకేదో. అప్పుడు క్యూలో అడ్రస్ వెతికితే ఏమీ దొరకదు. లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) లాగిన్ పేరు ఉన్న లైన్లు చూడండి, క్యూ ఐడీ అదే లైన్లో ఉంటుంది. మధ్యలో స్పామ్ ఫిల్టర్ ఉండి మెయిల్‌ని మళ్లీ క్యూలోకి తోస్తుంటే ఐడీ మారిపోతుంది. ఆ కొత్త ఐడీని కూడా లాగ్‌లోనే పట్టుకోవాలి.

తీసేయడం: ఇక్కడ తొందరపడొద్దు

క్యూలోని మెయిళ్లను ఆపే, తీసేసే కమాండ్ పోస్ట్‌సూపర్. దాంతో డిలీట్ చేసిన మెయిల్ తిరిగి రాదు. చెత్తబుట్ట లేదు, పంపినవాళ్లకి కబురూ వెళ్లదు. అందుకే నేను ఎప్పుడూ నేరుగా డిలీట్ చేయను, ముందు హోల్డ్‌లో పెడతాను. పోస్ట్‌సూపర్‌కి ఇచ్చే చిన్న ‘హెచ్’ ఆప్షన్ మెయిల్‌ని ఆపుతుంది, పెద్ద ‘హెచ్’ వదిలేస్తుంది. హోల్డ్‌లో ఉన్న మెయిల్ బయటికి వెళ్లదు, ఎన్ని రోజులున్నా గడువు తీరి వెనక్కీ పోదు. కాబట్టి టీ తాగొచ్చి తీరిగ్గా చూడొచ్చు.

ఇప్పుడు చూడండి. ఫైల్లో ఎన్ని ఐడీలున్నాయో లెక్కపెట్టండి. మొదట్లోవి, మధ్యలోవి, చివర్లోవి కలిపి ఓ పది ఐడీలు తీసుకుని, మెయిల్ లోపల ఏముందో చూపే పోస్ట్‌క్యాట్ కమాండ్‌తో తెరిచి చదవండి. ఒక్కటి మంచి మెయిల్ తేలినా మీ జాబితా తప్పు. అన్నింటినీ హోల్డ్ నుంచి వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి.

పోస్ట్‌ఫిక్స్ మామూలుగా వాడే పొట్టి క్యూ ఐడీలతో ఇంకో ప్రమాదం ఉంది. ఒక మెయిల్ వెళ్లిపోయాక అదే ఐడీ కొత్త మెయిల్‌కి రావొచ్చు. అరుదే, కానీ పాత జాబితాతో డిలీట్ కొడితే ఆ కొత్తది ఎగిరిపోతుంది. కాబట్టి మీ జాబితాలో ఉండి, ఇప్పుడు హోల్డ్‌లో కూడా ఉన్న ఐడీలనే ఉంచండి. ఆ జాబితాని పోస్ట్‌సూపర్‌కి పైపు ద్వారా ఇస్తూ, కమాండ్ చివర ‘హోల్డ్’ అని క్యూ పేరు కూడా చేర్చండి. వేరే క్యూలో ఉన్నదాన్ని అది ముట్టుకోదు. పొడుగు ఐడీల సెట్టింగ్ పెట్టుకుంటే ఈ గొడవ దాదాపు ఉండదు, కానీ ఆ పని ఈ గందరగోళం మధ్యలో చేయకండి.

హోల్డ్‌లో ఉన్నవన్నీ మనవే కదా అని ‘ఆల్’ అనొద్దు. కొన్ని చోట్ల ఫిల్టర్లు కూడా అనుమానం వచ్చిన మెయిళ్లను అక్కడే ఆపుతాయి. ‘ఆల్’ అనే మాట స్క్రిప్ట్‌లో కనబడకూడదు.

ఖాళీ వేరియబుల్‌తో, అంటే స్క్రిప్ట్‌కి ఇవ్వాల్సిన విలువ ఇవ్వకపోవడంతో, నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. ఒకసారి అడ్రస్ ఇవ్వడం మరిచిపోయి స్క్రిప్ట్ నడిపాను. ఖాళీ మాటకి గ్రెప్ ప్రతి లైన్‌నీ పట్టుకుంది, క్యూ మొత్తం ఊడ్చుకుపోయింది. ఆ రోజు ఎంతమందికి ఫోన్ చేసి ‘మళ్లీ పంపండి’ అన్నానో లెక్కలేదు. అప్పట్నుంచి నా ప్రతి స్క్రిప్ట్‌లో మొదటి పని అడ్రస్ ఇచ్చారా అని చూడడం, ఇవ్వకపోతే ఆగిపోవడం. డిలీట్‌కి ముందు ఐడీల సంఖ్యని చేత్తో టైప్ చేయమని కూడా అడుగుతుంది. ‘వై’ నొక్కితే చాలనే ప్రశ్నకి చెయ్యి దానంతటదే ‘వై’ నొక్కేస్తుంది.

మెయిలర్ డెమన్ పేరుతో, అంటే మెయిల్ చేరలేదని సర్వరే పంపే కబుర్లు, కూడా కుప్పగా కనిపిస్తాయి. అన్నీ స్పామ్ వల్ల వచ్చినవే అనుకోకండి. ఎవరో అడ్రస్ తప్పు కొడితే వెళ్లే కబురూ ఆ పేరుతోనే ఉంటుంది. వాటినీ ఇలాగే విడదీయాలి.

తర్వాత

క్యూని ఫ్లష్ చేయకండి, అంటే అన్నింటినీ వెంటనే పంపమని చెప్పకండి. మిగిలిన మెయిళ్లను పోస్ట్‌ఫిక్స్ తనే చూసుకుంటుంది. మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాలకోసారి క్యూ తిరగేసి, వంతు వచ్చినవాటిని మళ్లీ పంపి చూస్తుంది. స్పామ్‌తో మనమీద ఇప్పటికే కోపంగా ఉన్న సర్వర్ల మీదికి అన్నింటినీ ఒక్కసారిగా తోయడం మంచిది కాదు.

తీసేసిన ఐడీల ఫైల్‌ని తేదీ పేరుతో నెల రోజులైనా ఉంచండి. ‘నా మెయిల్ ఏమైంది’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.