అలెక్సా చాలా, హోమ్ అసిస్టెంట్ కావాలా: ముందు స్విచ్‌బోర్డు విప్పి చూడండి

గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఇళ్ళకి వైరింగ్ చేస్తుంటాను. ఈమధ్య నాకు ఫోన్లు డల్లాస్ నుంచి కూడా వస్తున్నాయి. "అన్నా, అమ్మావాళ్ళ ఇల్లు స్మార్ట్ చేయించాలి. అలెక్సా పెట్టిద్దామా, హోమ్ అసిస్టెంటా?" పేర్ల సంగతి తర్వాత, నెట్ పోయినప్పుడు ఆ ఇంట్లో ఏం ఆగిపోతే మీ అమ్మగారికి ఇబ్బందో ముందు చెప్పండి అంటాను. ఏది పెట్టాలో సగం అక్కడే తేలిపోతుంది.

"అలెక్సా, హాల్ లైట్ ఆన్" అని అమెజాన్ స్పీకర్‌కి చెప్పామనుకోండి. ఆ మాట మన గొంతులోనే అమెజాన్ సర్వర్‌కి వెళ్తుంది. అక్కడ అర్థం చేసుకుని బల్బు కంపెనీ సర్వర్‌కి చెప్తారు. ఆ కబురు మళ్ళీ మన రౌటర్ మీదుగా బల్బుకి చేరుతుంది. చవక వైఫై బల్బుల్లో ఎక్కువ వాటికి ఇదే తంతు. 2025 అక్టోబర్ 20న అమెరికాలో అమెజాన్ క్లౌడ్ (దాని సర్వర్ల వ్యవస్థ) మొరాయించిన రోజు ఎన్నో ఇళ్ళలో అలెక్సా పలకలేదు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా కంపెనీ చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేసింది. యాప్ తెరిస్తే ఏమీ లేదు, గోడ మీద స్విచ్చి నొక్కితే మాత్రం లైటు వెలిగింది. నేను ఏ ఇంట్లో ఏం పెట్టినా గోడ స్విచ్చి పనిచేసి తీరాలంటాను. దీని మీద నాతో బేరం పెట్టుకోవద్దు.

హోమ్ అసిస్టెంట్ దారి వేరు. 2013లో పౌలస్ షౌట్‌సెన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మన ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్లో నడుస్తుంది. ఎన్నింటికి ఏది వెలగాలి, ఏది ఆగాలి అన్న లెక్కంతా ఆ పెట్టెలోనే. అయితే అది పెట్టేస్తే అన్నీ లోకల్ అయిపోవు, అంటే నెట్ లేకుండా ఇంట్లోనే నడవవు. టూయా అనే కంపెనీ యాప్‌తో నడిచే బల్బుని మామూలు పద్ధతిలో కలిపితే కబురు మళ్ళీ క్లౌడ్ చుట్టూ తిరిగే వస్తుంది. కొనేటప్పుడు డబ్బా మీద జిగ్బీ అనో మ్యాటర్ అనో ఉందేమో చూడండి, పరికరాలు ఇంట్లోనే మాట్లాడుకునే పద్ధతులవి. లేదా షెల్లీ కంపెనీ రిలేల్లాగా (కబురందితే కరెంటు వేసి ఆపే చిన్న స్విచ్చిలు) లోకల్‌గా మాట్లాడేవి తీసుకోండి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ఇంట్లో పనులన్నీ రాయండి. పాటలు, వాతావరణం, వంటింట్లో టైమర్, పిల్లల ప్రశ్నలు క్లౌడ్‌కి వదిలెయ్యండి, ఒక పూట ఆగినా కొంప మునగదు. రాత్రి బాత్రూం దారిలో లైటు, గీజర్, నీళ్ళ మోటారు మాత్రం ఇంట్లోనే తేలాలి. కాగితం మీద మొదటి రకమే ఉంటే ఒక స్పీకర్, రెండు బల్బులు కొనుక్కుని హాయిగా ఉండండి. నన్ను పిలవక్కర్లేదు, హోమ్ అసిస్టెంట్ జోలికీ పోనక్కర్లేదు.

మోటారు దగ్గర కాస్త ఆగాలి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు లాగే కరెంటు కంటే స్టార్ట్ అయ్యేటప్పుడు కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది. పదహారు ఆంపియర్లు అని రాసి ఉంది కదా అని స్మార్ట్ ప్లగ్గుకి తగిలిస్తే కొన్నాళ్ళకి లోపల కాంటాక్ట్ అతుక్కుపోతుంది. ఫోన్లో ఆఫ్ అని చూపిస్తుంది, డాబా మీంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. అందుకని రిలేతో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద స్విచ్చి) కాయిల్‌ని మాత్రమే నడపాలి, మోటారుని కాంటాక్టర్ నడపాలి. సబ్‌మెర్సిబుల్ అయితే దాని ప్యానెల్ బోర్డు చూడకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇన్ని నిమిషాలకి ఆగిపో అన్న టైమర్‌ని హోమ్ అసిస్టెంట్లో కాదు, రిలేలోనే పెట్టండి. పెట్టె హ్యాంగైనా మోటారు ఆగుతుంది. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చి (నీళ్ళు నిండగానే మోటారు ఆపేది) ఉంటే తీసెయ్యకండి. గీజర్ సులువు, రెండు కిలోవాట్లదైతే తొమ్మిది ఆంపియర్లలోపే. మూడు కిలోవాట్లదైతే పదమూడు దాకా లాగుతుంది, దానికి చిన్న రిలేలు చాలవు.

ఇక బోర్డు. స్మార్ట్ బల్బు కంటే స్విచ్చి వెనకాల రిలే మేలు అంటాను నేను. ఇంట్లో పెద్దవాళ్ళు పడుకునే ముందు అలవాటుగా గోడ స్విచ్చి ఆపేస్తారు, దాంతో ఎంత తెలివైన బల్బైనా చచ్చినట్టే. జిగ్బీ బల్బైతే ఇంకో తంటా: ఒకదాని మీదుగా ఒకటి కబురందించుకుంటాయి కాబట్టి మధ్యలోది ఆగితే దూరంగా ఉన్న సెన్సర్ కూడా మాయమవుతుంది. స్విచ్చి వెనకాల రిలే పెడితే ఆ స్విచ్చీ పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది.

మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆపి బోర్డు విప్పండి. పాత ఇళ్ళలో లైటు స్విచ్చికి ఫేజు, లైటుకి వెళ్ళే వైరు మాత్రమే ఉంటాయి. రిలేకి న్యూట్రల్ కూడా కావాలి. అదే బోర్డులో ప్లగ్ పాయింట్ ఉందంటే న్యూట్రల్ వచ్చినట్టే. తొందరపడి కలిపెయ్యకండి, లైటు ఇన్వర్టర్ లైను మీద, ప్లగ్ మామూలు లైను మీద ఉంటాయి చాలాచోట్ల. ఒక సర్క్యూట్ ఫేజుకి ఇంకో సర్క్యూట్ న్యూట్రల్ కలిపితే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్చి) ట్రిప్ అవుతూ ఉంటుంది, కారణం దొరక్క తలపట్టుకుంటారు. న్యూట్రల్ అక్కర్లేని స్విచ్చిలు కూడా ఉన్నాయి గానీ చిన్న ఎల్‌ఈడీ బల్బుల్ని ఆఫ్‌లో కూడా మిణుకుమిణుకుమనిపిస్తాయి. బోర్డు వెనక పెట్టె ఇనపదైతే వైఫై సిగ్నల్ కూడా నీరసపడుతుంది. ఫ్యానుకి ఆన్, ఆఫ్ చాలు, స్పీడు రెగ్యులేటర్‌కే వదిలెయ్యండి.

కరెంటు కోతల సంగతి. రౌటర్, ఫైబర్ డబ్బా, హోమ్ అసిస్టెంట్ పెట్టె, మూడూ ఇన్వర్టర్ లైను మీదకి మార్చండి. ఆ పెట్టెగా రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొంటే మెమరీ కార్డు మీద నడపకండి, కరెంటు పోతూ వస్తూ ఉంటే ఆ కార్డు పాడవుతుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టండి. అటక మీద పాత ల్యాప్‌టాప్ ఉంటే అదింకా మంచిది, బ్యాటరీ దానికే ఉంది (ఉబ్బలేదని చూసుకోండి). తర్వాత ప్రతి బల్బు సెట్టింగుల్లోకి వెళ్ళి కరెంటు వచ్చాక ఏం చెయ్యాలన్నది "ముందున్నట్టే" అని మార్చండి. చాలా బల్బులు కంపెనీ నుంచి "ఆన్" అని వస్తాయి. అర్ధరాత్రి రెండింటికి కరెంటు వచ్చేసరికి పడగ్గదితో సహా ఇల్లంతా పెళ్ళి పందిరిలా వెలుగుతుంది.

భాష దగ్గర డల్లాస్ అబ్బాయిలు పొరబడతారు. అలెక్సా మనదేశంలో 2017లో వచ్చింది. ఇంగ్లీషు, హిందీ తెలుసు, తెలుగు రాదు. "వంటింట్లో లైటెయ్యవే" అంటే అమ్మగారికి క్షమాపణ ఇంగ్లీషులో వినిపిస్తుంది. లైట్లకి కిచెన్, హాల్ లాంటి పేర్లు పెడితే కొంత నయం. ఫోన్లో గూగుల్‌కి తెలుగు వస్తుంది, తెలుగే కావాలంటే ప్రస్తుతానికి అదే దారి. హోమ్ అసిస్టెంట్ వాళ్ళు 2024 డిసెంబర్లో సొంత వాయిస్ డబ్బా తెచ్చారు గానీ తెలుగు మాటల కోసం దాన్ని నమ్ముకోమని నేను చెప్పను. నన్నడిగితే పెద్దవాళ్ళకి నోటితో చెప్పే పనే పెట్టకూడదు. మనిషి నడిస్తే వెలిగే సెన్సర్ చాలు, దానికి భాషతో పనిలేదు.

రెండూ కలపొచ్చు, నేను ఎక్కువగా చేసేదీ అదే. స్విచ్చిలన్నీ హోమ్ అసిస్టెంట్ కింద, దాని ముందు ఒక అలెక్సా. నెట్ ఉంటే మాటతో, లేకపోతే స్విచ్చితో. హోమ్ అసిస్టెంట్ వాళ్ళదే నబూ కాసా అనే కంపెనీ ఉంది, దాని చందా నెలకి ఆరున్నర డాలర్లు. దానితో అలెక్సా తేలిగ్గా కలుస్తుంది, డల్లాస్ నుంచి ఇల్లు కనిపిస్తుంది. చందా వద్దనుకుంటే బయటి నుంచి చూడ్డానికి టెయిల్‌స్కేల్ అనే యాప్ సొంత వాడకానికి ఉచితం. ఇక్కడ చాలా కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరే నెట్ చిరునామా) ఉండదు కాబట్టి రౌటర్లో పోర్టులు తెరిచే పాత చిట్కా పనిచెయ్యదు. స్పీకర్‌ని పడగ్గదిలో పెట్టకండి, అక్కడి మాటలు రికార్డై అమెజాన్‌కి వెళ్ళొచ్చు. పిల్లల మాటల రికార్డుల విషయంలో అమెజాన్ 2023లో అమెరికా ప్రభుత్వానికి రెండున్నర కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇంకో ప్రశ్న మొహమాటం లేకుండా అడుగుతాను: ఆ పెట్టెని ఎవరు చూసుకుంటారు? హోమ్ అసిస్టెంట్‌కి నెలనెలా అప్‌డేట్లు వస్తాయి, ఒక్కోసారి ఏదో ఒకటి ఆగుతుంది. దూరం నుంచైనా చూసే కొడుకో కూతురో లేకపోతే పెట్టొద్దు. సెన్సర్ దానంతటదే లైటు వేసే మామూలు మోషన్ లైట్లు, టైమర్ ఉన్న గీజర్ స్విచ్చి కొనుక్కోండి, సరిపోతుంది.

పని పూర్తయ్యాక రౌటర్ వేసే ఉంచి, దానికొచ్చే నెట్ వైరు మాత్రం తీసి ఇల్లంతా తిరగండి. ప్రతి గోడ స్విచ్చీ నొక్కండి, మోటారు వేసి ఆపండి, సెన్సర్ ముందు నడవండి. తర్వాత ఆ వైరు మళ్ళీ పెట్టి, మెయిన్ దించి, పావుగంటాగి ఎత్తి, మళ్ళీ అదే చూడండి. ఎలక్ట్రీషియన్‌కి మిగతా డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి, నాకైనా సరే.