పాత అంబాసిడర్‌లో ఆయిల్ లీకు ఆగాలంటే ప్యాకింగ్ ఎలా ఎంచుకోవాలి, ఎలా వేయాలి?

ఒడిశాలో రాయగడ, కోరాపుట్, జయపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్ల ఇళ్ల ముందు అంబాసిడర్లు ఇంకా కనిపిస్తాయి. ఉత్తర్‌పాడాలో వాటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఇంటిల్లిపాదినీ సామాన్లతో సహా ఎక్కించుకుని సుంకి ఘాట్ ఎక్కే బండిగా దానికున్న గౌరవం తగ్గలేదు. వాటి గురించి వినే ఫిర్యాదు ఒక్కటే: రాత్రి నిలబెడితే తెల్లారేసరికి కింద ఆయిల్ మరక. పాత బండి కదా, కారుతుందిలే అని వదిలేయడం నాకు నచ్చదు. ఈ ఇంజిన్‌లో చాలా లీకులు ఇంటి దగ్గరే ఆపుకోగలిగినవి. అయితే కొత్త ప్యాకింగ్ (రెండు భాగాల నడుమ వేసే గ్యాస్కెట్) ఒక్కటే చాలదు. అది కూర్చునే రేకు చదునుగా ఉండాలి, నట్టు బిగించే చెయ్యి తేలికగా ఉండాలి.

ఇక్కడ చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ గురించి. బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీ బీ సిరీస్ ఇంజిన్ అది. ప్రీమియర్ పద్మిని కారుకు, జీపులకు కొలతలు వేరు, పద్ధతి మాత్రం ఇదే.

ముందు లీకు ఎక్కడో పట్టుకోండి

చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిల్వ ఉండే తొట్టి) కింద చుక్క వేలాడుతోందని చాంబర్ ప్యాకింగ్ మార్చేయకండి. ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ దగ్గర బయటికొచ్చిన ఆయిల్ బ్లాకు పక్కగా జారి చాంబర్ అంచుకు చేరుతుంది. బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కూడా పాకుతుంది. ట్యాపెట్ కవర్ పని గంటలో అయిపోతుంది, చాంబర్ విప్పితే ఒక పూట పోతుంది. అందుకని తొందరపడొద్దు.

మన ప్రాంతపు ఎర్ర దుమ్ము ఈ విషయంలో సాయం చేస్తుంది. ఆయిల్ తడి ఉన్న చోటల్లా అది గడ్డకట్టి ఉంటుంది. ఆ గడ్డ ఎంత పైన మొదలైందో టార్చ్ వేసి చూడండి. చూశాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కిరోసిన్, బ్రష్‌తో మొత్తం కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత అనుమానం ఉన్న అంచుల మీద మామూలు టాల్కం పౌడరు చల్లి, ఇంజిన్‌ను పావుగంట ఐడిలింగ్‌లో ఉంచండి. పౌడరు ముందుగా ఎక్కడ తడిస్తే లీకు అక్కడే. ఏమీ కనబడకపోతే ఒకసారి ఘాట్ ఎక్కి దిగి చూడండి. ఎక్కేటప్పుడు చాంబర్‌లోని ఆయిల్ వెనక్కి చేరుతుంది కాబట్టి చదును రోడ్డు మీద దాక్కున్న లీకులు అప్పుడు బయటపడతాయి.

బ్రీదర్ చూడందే ప్యాకింగ్ కొనకండి

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కింది భాగంలోకి దిగుతూ ఉంటుంది. అది పోవడానికే బ్రీదర్. ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు వెళ్లే గొట్టం, ఇంజిన్ పక్కన ఉండే బ్రీదర్ పైపు మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. దారి లేని ఆ గ్యాసు ఆయిల్‌ను ప్యాకింగ్ సందుల్లోంచి తోస్తుంది. అప్పుడు ఎంత మంచి ప్యాకింగ్ వేసినా నిలవదు. రెండింటినీ విప్పి కిరోసిన్‌తో కడగండి.

ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కొద్దిగా ఆవిరి వస్తే ఫర్వాలేదు. పొగ గట్టిగా ఎగదన్నుతుంటే రింగులు అరిగాయని అర్థం, ముందు ఆ పని చూసుకోవాలి. ఆయిల్ మట్టం చూసే గేజ్ పుల్ల మీది పై గీత దాటి పోయకూడదు. ఎక్కువ పోసినా లీకే.

కొనేటప్పుడు

షాపులో "అంబాసిడర్ ప్యాకింగ్ ఇవ్వండి" అంటే సరిపోదు. 1489 పెట్రోల్, డీజిల్, తర్వాత వచ్చిన ఇసుజు 1800 పెట్రోల్ అన్నీ వేర్వేరు. ఏ ఇంజినో చెప్పి, పాత ముక్కను వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. బోల్టు రంధ్రాలతో పాటు మందం కూడా పోల్చండి.

ట్యాపెట్ కవర్‌కు, పక్క కవర్లకు, చాంబర్‌కు రబ్బరు కలిసిన కార్క్ మేలు. ఉత్త కార్క్ చవకే కానీ షాపులో ఏళ్ల తరబడి వేలాడి ఎండిపోయి ఉంటుంది. మెల్లగా వంచి చూస్తే పగుళ్లు కనబడతాయి, అలాంటిది వద్దు. పగుళ్లు లేకుండా కేవలం కుంచించుకుపోయి రంధ్రాలు కలవకపోతే కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచండి, సాగుతుంది. ఇంజిన్ ముందుండే టైమింగ్ కవర్‌కు, పెట్రోల్ పంపుకు కాగితం ప్యాకింగ్. ఇది దొరక్కపోతే ఆయిల్ ప్యాకింగ్ షీటు కొని ఇంట్లోనే కోసుకోవచ్చు. షీటును ఆ ముఖం మీద పెట్టి నూనె వేలితో గట్టిగా రుద్దితే అంచులు, రంధ్రాలు అచ్చుపడతాయి. ముందు రంధ్రాలు పంచ్ చేసి, ఆ తర్వాతే అంచులు కత్తిరించండి. పంపు దగ్గర రెండు మూడు షీట్లు కలిపి వేయొద్దు. మందం పెరిగితే పంపు లివర్ స్ట్రోక్ తగ్గి పెట్రోలు సరిగా ఎక్కదు.

ట్యాపెట్ కవర్ వేయడం

1. పైనున్న రెండు నట్లు విప్పండి. వాటి కింది రబ్బరు బుష్‌లు గట్టిపడి ఉంటే అవీ మార్చాలి. చాలా లీకులు నిజానికి అక్కడివే.
2. పాత ప్యాకింగ్‌ను మొండి స్క్రేపర్‌తో గీకండి. లోపల రాకర్ల (వాల్వులను నొక్కే చేతుల) మీద ముక్కలు పడకుండా గుడ్డ కప్పండి. పాత ఇంజిన్లలో ఆస్‌బెస్టాస్ కలిసిన ప్యాకింగులూ ఉంటాయి. తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, దుమ్ము ఊదకండి.
3. కవర్‌ను బోర్లించి గాజు పలక మీద పెట్టండి. ఎక్కడైనా ఊగినా, కింద సందు కనబడినా అంచును చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో సరిచేయండి.
4. కవర్ గాడిలో పలచగా గ్యాస్కెట్ గమ్ రాసి, ప్యాకింగ్ అంటించి, గాజు పలక మీదే బోర్లించి బరువు పెట్టి ఆరనివ్వండి. హెడ్ వైపు గమ్ రాయొద్దు, కొద్దిగా గ్రీజు చాలు. మళ్లీ ట్యాపెట్లు సెట్ చేయడానికి విప్పినప్పుడు అదే ప్యాకింగ్ పనికొస్తుంది.
5. రెండు నట్లను వంతులవారీగా బిగించండి. బీ సిరీస్ మాన్యువల్ ప్రకారం బిగింపు 4 పౌండ్-అడుగులే. చిన్న పానాను రెండు వేళ్లతో తిప్పితే వచ్చేంత. ఇంకాస్త బిగిద్దాం అనే ఆలోచనే రేకును వంచేది.

బ్లాకు పక్కన, మానిఫోల్డ్ (గాలి, పొగ గొట్టాల భాగం) వెనుక రెండు చిన్న కవర్లుంటాయి. ఒక్కోదానికి నడుమ ఒక్కటే బోల్టు. చెయ్యి అందదు కాబట్టి చాలామంది మెకానిక్‌లు వీటి జోలికి పోరు. కార్బురేటర్, మానిఫోల్డ్ విప్పాల్సి వచ్చిన రోజే వీటి ప్యాకింగులు కూడా మార్చేయండి.

చాంబర్ ప్యాకింగ్

బండిని జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరొద్దు. ఇటుకలు, రాళ్లు కూడా నమ్మొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, కుదిపి చూశాకే పడుకోండి.

ఆయిల్ దించి, బోల్టులు విప్పి, చాంబర్ బయటికి తీశాక అసలు పని రేకుదే. ఏళ్లుగా గట్టిగా బిగించడం వల్ల ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంటుంది. అలాగే బిగిస్తే రంధ్రం దగ్గర ప్యాకింగ్ నలుగుతుంది, రెండు బోల్టుల నడుమ సందు మిగులుతుంది, ఆయిల్ అక్కడి నుంచే వస్తుంది. అంచును చదునైన ఇనుప దిమ్మ మీద పెట్టి ఒక్కో ఉబ్బును సుత్తితో కిందికి దించండి. స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే వెలుతురు కనబడకూడదు. దీనికి గంట పట్టినా పట్టనివ్వండి.

పక్కలకు రెండు కార్క్ ముక్కలు, ముందు వెనకల మెయిన్ బేరింగ్ క్యాపుల దగ్గర గాడిలో కూర్చునే కార్క్ సీళ్లు ఉంటాయి. ఈ ముక్కలు కలిసే మూలల్లోనే లీకు ఎక్కువ. ఆ మూలల్లో మాత్రం చిన్న చుక్క సిలికాన్ పెట్టండి. అంచంతా సిలికాన్ పులమడం తప్పు. లోపలికి పొంగిన సిలికాన్ ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కే ముప్పు.

ఎత్తి పెట్టేటప్పుడు ప్యాకింగ్ జారకుండా రంధ్రాల గుండా కుట్టు దారంతో చాంబర్‌కు కట్టండి. నాలుగైదు బోల్టులు పట్టాక దారాలు కోసి లాగేయొచ్చు. అన్ని బోల్టులూ చేత్తో ఎక్కాక నడుమ నుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో 6 పౌండ్-అడుగులకు బిగించండి. డ్రెయిన్ నట్టుకు కొత్త రాగి వాషర్ వేయండి. కొత్తది లేకపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది.

సిలికాన్ ఆరడానికి ఒక రాత్రి ఇచ్చి ఆయిల్ పోయండి. మొదటిసారి ఇంజిన్ బాగా వేడెక్కి చల్లారాక కార్క్ కాస్త అణుగుతుంది. అప్పుడు అన్ని బోల్టులనూ అదే బిగింపుకు ఒకసారి సరిచూడండి, అంతకు మించొద్దు. దించిన పాత ఆయిల్‌ను కాలువలోనో పొలం గట్టునో పారబోయకుండా డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.

ప్యాకింగ్‌తో ఆగని లీకు

గేర్ బాక్స్ ముందుండే క్లచ్ హౌసింగ్ అడుగు రంధ్రం నుంచి ఇంజిన్ ఆయిల్ కారుతుంటే అది చాంబర్‌ది కాకపోవచ్చు. ఈ ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక కొసన రబ్బరు సీలు ఉండదు. ఆయిల్‌ను వెనక్కి లాగే మర గాడి మాత్రమే ఉంటుంది. బేరింగ్ అరిగినా, లోపల ఒత్తిడి పెరిగినా ఆ గాడి ఆయిల్‌ను ఆపలేదు. ముందు బ్రీదర్‌ను మళ్లీ చూడండి. అది శుభ్రంగా ఉన్నా కారుతుంటే ఇంజిన్ దించి చూడాల్సిన పని. ఆయిల్ క్లచ్ ప్లేటుకు అంటి క్లచ్ జారే వరకు ఆగకండి. ఈలోగా వాలులో నిలపాల్సి వస్తే బండి ముందు భాగం పల్లం వైపు ఉండేలా, హ్యాండ్ బ్రేక్ వేసి, రివర్స్ గేరులో, చక్రం కింద రాయి పెట్టి నిలపండి. రోజూ పొద్దున్నే గేజ్ తీసి ఆయిల్ చూశాకే స్టార్ట్ చేయండి.