రాత్రి ఫోను మోగితే వచ్చే గుండెదడ, వేళ్లతో తట్టే ట్యాపింగ్: నా అనుభవం

నాన్నగారి మరణవార్తను అర్ధరాత్రి ఫోనులో విన్న నాటి నుంచి, చీకటి పడ్డాక ఏ ఫోను మోగినా నాకు గుండెదడ వచ్చి అరచేతులు చల్లబడేవి. రింగుటోను మార్చడం, సాయంత్రం కాఫీ మానడం, ధ్యానం, ఏవీ ఫలించలేదు.

గ్యారీ క్రెయిగ్ 1990లలో రూపొందించిన ట్యాపింగ్, అంటే భయాన్ని తలచుకుంటూ ఒంటి మీద కొన్ని చోట్ల వేళ్లతో తట్టే పద్ధతి కూడా మొదట పనిచేయలేదు. "ఆందోళన" అనే మాటను మాత్రమే పట్టుకుని తట్టడం నా పొరపాటు. ఈసారి పాత రింగుటోనునే పెట్టుకుని విని, కలిగిన భయానికి పదికి 8 అని అంకె వేసుకున్నాను. చిటికెనవేలి కింద అరచేతి అంచును తడుతూ, "ఈ మోతకు గుండె అదురుతున్నా నన్ను నేను అంగీకరిస్తున్నాను" అని 3 సార్లు పలికాను. తరువాత కనుబొమ మొదలు, కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, కాలర్ బోన్ కింద, చంక కింద, నడినెత్తి అనే వరుసలో, ఒక్కోచోట రెండు వేళ్లతో 7 సార్లు తట్టాను. అంకె 5కు దిగింది. మళ్లీ మోత విని, మరో రెండు విడతలు తట్టాక 3 దగ్గర ఆగింది, అంతకంటే తగ్గలేదు.

ఇలా తట్టడం ఒంట్లోని శక్తి మార్గాలను సరిచేస్తుందనే వాదానికి శాస్త్రీయ ఆధారం లేదు. వేరే చోట్ల తట్టినా భయం తగ్గిందని 2003 నాటి ఒక అధ్యయనం చూపింది కనుక, మోతను నిబ్బరంగా పదేపదే వినడమే నాకు మేలు చేసిందని నా అనుమానం. కౌన్సెలింగును మాత్రం నేను మానలేదు.