ఉత్తుత్తి యుద్ధం వృథా పోకూడదంటే: గగనతల పోరు విన్యాసం రూపొందించే పద్ధతి

విన్యాసం ప్లాన్ చేయమనగానే చాలామంది మ్యాప్ తెరిచి బాణం గుర్తులు గీయడం మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు, డీబ్రీఫింగ్ గదిలో, అంటే ఎగిరి వచ్చాక జరిగింది సమీక్షించుకునే చోట. సాయంత్రం ఆ గదిలో ఏ ప్రశ్నకు జవాబు దొరకాలో ముందు రాసుకోవాలి. ఎన్ని విమానాలు, ఎంత ఎత్తు, శత్రుపక్షం ఎటునుంచి రావాలి, ఇవన్నీ ఆ ప్రశ్నను బట్టే తేలతాయి.

ఈ రకం శిక్షణకు పేరుపడ్డ అమెరికా వైమానిక దళ విన్యాసం రెడ్ ఫ్లాగ్ పుట్టిందే ఒక ప్రశ్న నుంచి. వియత్నాం యుద్ధంలో అమెరికా పైలట్ల నష్టాలను పరిశీలిస్తే, మొదటి 10 యుద్ధ సార్టీలు (ఒకసారి లేచి దిగితే ఒక సార్టీ) దాటినవాడు బతికే అవకాశం బాగా పెరుగుతోందని తేలింది. ఆ పదీ శాంతికాలంలోనే ఎగిరించేస్తే సరిపోదా అన్నది కల్నల్ రిచర్డ్ ‘మూడీ’ సూటర్ ఆలోచన. జనరల్ రాబర్ట్ డిక్సన్ సరేనన్నాక 1975 నవంబర్‌లో నెవాడాలోని నెల్లిస్ స్థావరంలో అది మొదలైంది. మన వైమానిక దళం సుఖోయ్-30 ఎంకేఐలతో 2008లో నెల్లిస్‌కు వెళ్లింది. 2016లో అలాస్కా రెడ్ ఫ్లాగ్‌కూ వెళ్లింది. 2024లో అదే అలాస్కాకు రఫేల్‌లు వెళ్లాయి. ఆ ఏడాదే సులూరులోనూ జోధ్‌పూర్‌లోనూ తరంగ్ శక్తి పేరుతో విదేశీ దళాలను మనమే పిలిచి ఆతిథ్యమిచ్చాం.

ప్రశ్న ఎలా రాయాలి

“బీవీఆర్ పోరులో నైపుణ్యం పెంచడం” అని రాస్తే అది లక్ష్యం కాదు, నోటీసు బోర్డు మీది నినాదం. (బీవీఆర్ అంటే కంటికి అందని దూరం నుంచి సాగే పోరు.) విమానంలో రికార్డైన టేపు చూసి అవును, కాదు అని చెప్పగలిగేలా ఉండాలి. ఉదాహరణకు: “రెండు గుంపులుగా విడిపోయి వస్తున్న నాలుగు శత్రు విమానాల్లో ఎవరు ఎవరిని కొట్టాలో, మొదటి మిస్సైల్ వదిలేలోపు మన నలుగురికీ తెలిసిందా?” ఇలాంటివి సార్టీకి మూడు చాలు. ఆరు పెట్టుకుంటే ఒక్కదానికీ సరైన జవాబు రాదు.

ప్రశ్న బరువు సిబ్బంది ఎక్కిన మెట్టుకు తగ్గట్టు ఉండాలి. మొదటి మెట్టు ఒకరితో ఒకరు. వెంటాడే విమానం ముందున్నదానికి 3,000 అడుగుల వెనక నుంచి ఒకసారి, 6,000 నుంచి ఒకసారి, 9,000 నుంచి ఒకసారి పోరు మొదలుపెడుతుంది. దూరం మారితే మలుపు ఎప్పుడు తిరగాలన్న లెక్క మారుతుంది కాబట్టి మూడూ కావాలి. తర్వాత ఎదురెదురుగా వచ్చి దాటుకునే పోరు, ఆ తర్వాత ఇద్దరు ఒకరి మీద, నలుగురు నలుగురి మీద. ఎస్కార్టులు, శత్రు రాడార్ల పనిపట్టే విమానాలు, బాంబులు వేసేవి, గాలిలో ఇంధనం నింపే ట్యాంకర్, ఎగిరే రాడార్ కేంద్రం లాంటి అవాక్స్ కలిసిన పెద్ద దండు చివరి మెట్టు. ఇద్దరి పోరులో తోడువిమానాన్ని కంటితో పట్టుకోలేని పైలట్‌ను 30 విమానాల దండులో పెడితే నేర్చుకునేదేమీ ఉండదు, ఆకాశంలో ఒక అడ్డం తప్ప.

రెడ్ పని గెలవడం కాదు

శత్రుపాత్ర వేసే రెడ్ పక్షానికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అమెరికాలో దీనికి అగ్రెసర్ పేరుతో ప్రత్యేక స్క్వాడ్రన్లున్నాయి. మన దగ్గర గ్వాలియర్‌లోని టాక్డే, అంటే గగనతల పోరు ఎత్తుగడలు నేర్పే వైమానిక దళ సంస్థ, ఎత్తుగడలకు పుట్టిల్లు. ఎవరు ఆ పాత్ర వేసినా కాగితం మీద మూడు సంగతులు ముందే ఖాయం చేయాలి: రెడ్ ఏ విమానాన్ని అనుకరిస్తోంది, దాని రాడార్‌కు ఎంత దూరంలో కనబడుతుందని లెక్క, దాని మిస్సైల్ ఏ ఎత్తులో ఎంత దూరం పోతుందని లెక్క. తమ అసలు రాడార్ అంతకన్నా మంచిదైనా ఆ అదనపు చూపును రెడ్ వాడకూడదు.

వచ్చే తీరు కూడా రోజురోజుకూ ముదరాలి. మొదటి రోజు సూటిగా ఒకే గుంపుగా రావచ్చు. తర్వాత ముందొకటి, వెనకొకటి. ఆ తర్వాత రాడార్‌కు అడ్డంగా తిరిగి కనుమరుగవడం, జామింగ్ (రాడార్‌ను గందరగోళపరచడం), మన పాత్ర వేసే బ్లూ పక్షం రేడియో మీద రొద. ఇవన్నీ తొలిరోజే కుమ్మరిస్తే బ్లూ ఓడిపోతుంది. ఎందుకు ఓడిందో మాత్రం ఎవరికీ తెలీదు, ఎందుకంటే కారణాలు అరడజను ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి.

కూలిన రెడ్ విమానం ముందే చెప్పిన గీత వెనక్కి వెళ్లి ‘మళ్లీ పుట్టి’ రావచ్చు. బ్లూకు మాత్రం సాధారణంగా ఆ సౌకర్యం ఇవ్వరు. పది విమానాలతో ఇరవై విమానాల శత్రువును చూపించడానికి ఇదే దారి. అందుకే చివరి స్కోరు అంకెకు పెద్ద అర్థం ఉండదు. 2015 ఇంద్రధనుష్ విన్యాసాల్లో మన సుఖోయ్‌లు బ్రిటిష్ టైఫూన్లపై 12-0తో గెలిచాయని మన మీడియాలో వచ్చింది, రాయల్ ఎయిర్ ఫోర్స్ కొట్టిపారేసింది. ఏ నిబంధనల కింద, ఏ దూరం నుంచి మొదలైన పోరో చెప్పకుండా ఆ అంకెను పట్టుకుని వాదించుకోవడం దండగ.

ప్రాణాలు తీసే తప్పులు

నిజమైన యుద్ధంలా ఉండాలనే తాపత్రయంలో నిబంధనలు సడలించకూడదు. పశ్చిమ దేశాల శిక్షణలో స్థిరపడి, చాలా దళాలు ఏదో ఒక రూపంలో పాటించే కొలతలివి. ప్రతి విమానం చుట్టూ 500 అడుగుల గోళం, అందులోకి ఎవరూ రాకూడదు. విచ్చలవిడి మలుపుల పోరుకు నేల నుంచి 5,000 అడుగులు కనీస ఎత్తు. ఎదురుగా వస్తున్న విమానం మీద ముందునుంచి తుపాకీ గురిపెట్టడం నిషేధం. గురి కుదిరాక పక్కకు తప్పుకునే టైము అక్కడ మిగలదు. ఎదురెదురుగా వస్తే ఒకరికొకరు ఎడమ పక్కన ఉండేలా దాటాలి.

పెద్ద పోరుల్లో ఎత్తులను పంచుతారు. బ్లూకు 10 నుంచి 14 వేల అడుగులు, 20 నుంచి 24 వేలు, 30 నుంచి 34 వేలు. రెడ్‌కు 15 నుంచి 19, 25 నుంచి 29. ఎదుటివాడు కంటికి కనబడేదాకా ఎవరి అరల్లో వాళ్లుండాలి. అరకూ అరకూ మధ్య 1,000 అడుగులు ఖాళీ. ఈ వెయ్యిని తినేసేది ఆల్టీమీటర్ సెట్టింగ్, అంటే గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే మీటర్‌లో పెట్టే అంకె. పీడనంలో ఒక హెక్టోపాస్కల్ తేడా దాదాపు 27 నుంచి 30 అడుగులు. వేరే స్థావరం నుంచి వచ్చిన జట్టు తమ ఊరి పీడనం పెట్టుకుని, 10 హెక్టోపాస్కళ్లు తేడా వచ్చిందంటే సుమారు 300 అడుగులు పోయినట్టే. అందుకే పోరు మొదలయ్యే ముందు రేడియోలో ఒకే అంకె చెప్పాలి, ప్రతి జట్టు నాయకుడూ తిరిగి చదవాలి. 2023 జనవరి 28న గ్వాలియర్ నుంచి లేచిన సుఖోయ్-30, మిరాజ్-2000 మధ్యప్రదేశ్ మీద శిక్షణలో కూలిన రోజు మిరాజ్ పైలట్ ప్రాణాలు పోయాయి. ఈ రంగంలో ప్రమాదానికి ధర అది.

పోరు ఆపే మాటలు రెండు. ‘టెర్మినేట్’ అంటే ఆ ఒక్క కొట్లాట ఆగాలి. ‘నాక్ ఇట్ ఆఫ్’ అంటే అందరిదీ ఆగాలి. రెండో మాట అనే హక్కు నిన్నగాక మొన్న స్క్వాడ్రన్‌లో చేరిన కుర్రాడికీ ఉంది. ఎందుకన్నావని గాలిలో ఎవరూ అడగకూడదు. రేడియో పనిచేయకపోతే రెక్కలు ఊపాలి. ఇద్దరూ ఒకరికొకరు కనబడటం మానేస్తే, పోరు ప్రాంతంలోకి ఎవరో తెలియని విమానం వస్తే, కనీస ఎత్తు కన్నా కిందికి దిగితే, ఈ మాట అనాల్సిందే.

ఇంధనానికీ రెండు గీతలు. ‘బింగో’ చేరితే ఇంటికి తిరగాలి: దారి ఖర్చు, ప్రత్యామ్నాయ స్థావరానికి వెళ్లే ఖర్చు, నిల్వ, మూడూ కలిపిన లెక్క. ‘జోకర్’ దానికి పైన ఒక కొట్లాట సరిపడా. తక్కువ ఎత్తులో పూర్తి ఆఫ్టర్‌బర్నర్ వేస్తే ఒకే ఇంజిన్ ఉన్న ఎఫ్-16 కూడా నిమిషానికి కొన్ని వందల కిలోలు తాగేస్తుంది. కాబట్టి జోకర్‌ను ఏదో గుండ్రటి అంకెగా వేయకుండా, ఆ రోజు పోరు ఎత్తు చూసి వేయాలి.

అసలు ఆయుధాలు కలవనీయొద్దు

1982 మేలో జర్మనీలో ఒక బ్రిటిష్ ఫాంటమ్ శిక్షణలో భాగంగా తమ దళానికే చెందిన జాగ్వార్‌ను నిజంగానే కూల్చేసింది. రెక్క కింద అసలు సైడ్‌వైండర్ మిస్సైల్ ఉంది, ఆయుధాల మీటను అడ్డుకోవాల్సిన టేపు లేదు, సర్క్యూట్ బ్రేకర్ లాగలేదు. జాగ్వార్ పైలట్ ఎజెక్ట్ అయి బతికాడు. 1987లో మధ్యధరా మీద నాటో విన్యాసంలో అమెరికా నౌకాదళ ఎఫ్-14 తమ వైమానిక దళానికే చెందిన ఆర్‌ఎఫ్-4సీని కూల్చింది. విన్యాసంలో భాగంగా ఇచ్చిన అనుమతిని పైలట్ నిజమైన ఆదేశంగా తీసుకున్నాడు. 2018 ఆగస్టులో ఎస్టోనియా మీద స్పెయిన్ యూరోఫైటర్ ఒకటి పొరపాటున అమ్రామ్ మిస్సైల్ వదిలేసింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు.

శిక్షణకు వాడాల్సింది చూపు మాత్రమే పనిచేసే, మోటారు లేని డమ్మీ మిస్సైల్. ఏ విమానం మీద ఏముందో లైన్ చీఫ్ (విమానాన్ని సిద్ధం చేసే నేల సిబ్బంది నాయకుడు), పైలట్ ఇద్దరూ చేత్తో తాకి చూసి సంతకం చేయాలి. అత్యవసర విధుల కోసం అసలు మిస్సైళ్లతో నిలబడ్డ విమానాన్ని “ఒకటి తక్కువైంది” అని విన్యాసంలోకి లాగొద్దు. నిజంగా పేల్చే అభ్యాసానికి సమయం, చోటు వేరే ఉంటాయి. బాపట్ల దగ్గర సూర్యలంకలో సముద్రం మీదికి మిస్సైళ్లు ప్రయోగించేది అందుకే.

గాలిలో

రేంజ్‌లోకి, అంటే విన్యాసానికి కేటాయించిన గగనతలంలోకి, వెళ్లేముందు జి-అభ్యాసం తప్పనిసరి (మలుపుల్లో ఒంటి మీద పడే బరువును జిలలో కొలుస్తారు, 1 జి అంటే మామూలు బరువు): 4 జి దగ్గర ఒక 90 డిగ్రీల మలుపు, కాసేపు ఆగి 6 లేదా 7 జి దగ్గర ఇంకొకటి. కాళ్లు, పొట్ట బిగబట్టి మూడు సెకన్లకోసారి ఊపిరి మార్చుకోవడం ఆ రోజు శరీరానికి వస్తోందా, జి-సూట్ గాలి పడుతోందా అన్నది ఇక్కడే తేలాలి. రాత్రి నిద్ర సరిగా లేకపోయినా, నీళ్లు తక్కువ తాగినా ఇక్కడే బయటపడుతుంది. జి వల్ల స్పృహ తప్పితే తేరుకుని విమానాన్ని చేతిలోకి తీసుకోవడానికి అరనిమిషం దాకా పడుతుంది. ముక్కు కిందికి ఉన్న విమానానికి అంత సమయం ఉండదు.

తర్వాత ఆయుధాల మీట సిమ్యులేషన్‌లో ఉందా, రికార్డర్ తిరుగుతోందా, జీపీఎస్ సమయం కలిసిందా చూసుకోవాలి. రికార్డర్ ఆన్ చేయడం మర్చిపోయిన సార్టీకి శిక్షణ పరంగా విలువ సగానికి పడిపోతుంది.

మిస్సైల్ ‘వదిలాక’ అది చేరే సమయం గడిచేదాకా కూలిందని ప్రకటించకూడదు. షాట్ కొట్టినవాడు ఈలోగా తనే కూలిపోతే, రాడార్ వెలుగు చివరిదాకా చూపించాల్సిన రకం మిస్సైల్ అయితే ఆ షాట్ చెల్లదు. కింద రేంజ్ అధికారి, విమానాలకు తగిలించి వాటి స్థానం పంపే పాడ్‌ల నుంచి వచ్చే చిత్రం చూసి తీర్పు చెబుతాడు: ఏ విమానం, ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎటు తిరుగుతోంది. “ఎఫ్-16 కూలింది” అని మాత్రమే అంటే మూడు ఎఫ్-16లు పోరు మానేసి వెళ్లిపోతాయి. ఇది తరచూ జరిగేదే. కూలినవాడు రెక్కలూపి, కేటాయించిన ఎత్తులో బయటికి పోవాలి, రేడియోలో మాట్లాడకూడదు.

డీబ్రీఫింగ్

గంటన్నర సార్టీకి మూడు గంటల డీబ్రీఫింగ్ పడితే ఎక్కువ అనుకోవద్దు. ముందు భద్రతా విషయాలు ముగించాలి. తర్వాత నిజం ఏమిటో తేల్చాలి, అభిప్రాయాలు ఆ తర్వాతే. రెండు టేపుల గడియారాల మధ్య మూడు సెకన్ల తేడా ఉందనుకోండి. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా వస్తున్న విమానాలు ఆ మూడు సెకన్లలో కిలోమీటరున్నర దగ్గరవుతాయి. అది సరిచేయకుండా షాట్ చెల్లిందా లేదా అని వాదించి లాభం లేదు.

ఇక కారణం వెతకడం. బ్లూలో మూడో నంబర్ కూలాడు. ఎవరు కొట్టారు? వెనక గుంపులోని రెడ్. అతన్ని మూడో నంబర్ ఎందుకు చూడలేదు? రాడార్‌ను ముందు గుంపు మీదే బిగించి ఉంచాడు. ఎందుకు? వెనక ఇంకో గుంపుందని అతనికి తెలీదు. అవాక్స్ చెప్పలేదా? చెప్పింది, టేపులో ఉంది. కానీ అదే క్షణంలో రెండో నంబర్ తన ఇంధనం గురించి మాట్లాడాడు, రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అవాక్స్ మళ్లీ ఎందుకు చెప్పలేదు? విన్నట్టు ఎవరో ఒకరు జవాబివ్వాలనే ఒప్పందం బ్రీఫింగ్‌లో లేదు. ఇక్కడ ఆగాలి. “మూడో నంబర్ జాగ్రత్తగా ఉండాలి” అని రాస్తే అంతా వృథా. రాయాల్సింది ఇది: “గుంపుల సంఖ్య చెప్పిన ప్రతి పిలుపుకూ జట్టు నాయకుడు జవాబివ్వాలి. ఐదు సెకన్లలో రాకపోతే కంట్రోలర్ మళ్లీ చెప్పాలి. ఆ దశలో ఇంధనం మాటలు రెండో రేడియోలో.” ఆ రోజు ఎగరని పైలట్ చదివినా రేపు వాడుకోగలగాలి.

తప్పు జరిగింది శత్రువును చూడకపోవడం వల్లా, చూసి తప్పు నిర్ణయం తీసుకోవడం వల్లా, నిర్ణయం సరిగానే ఉన్నా చెయ్యి తిరగకపోవడం వల్లా అన్నది విడదీయాలి. మొదటిదానికి మందు రాడార్, కంటి పని విభజన. రెండోదానికి నేల మీద చర్చ. మూడోదానికి ఒకరితో ఒకరి పోరుకు మళ్లీ వెనక్కి పంపడం. గదిలో భుజం మీది చుక్కలు లెక్కలోకి రాకూడదు. గ్రూప్ కెప్టెన్ షాట్ చెల్లలేదని ఫ్లయింగ్ ఆఫీసర్ చెప్పలేని చోట టేపులు చూసి ప్రయోజనం లేదు.

ఆ మూడు వాక్యాల కాగితం మర్నాటి ప్లానింగ్ మొదలయ్యేలోపు మిషన్ కమాండర్ బల్ల మీద ఉండాలి. మరో కాపీ రెడ్ నాయకుడికి. రెండు రోజుల తర్వాత, బ్లూకు చెప్పకుండా, అదే రెండు గుంపుల అమరికతో, అదే ఎత్తులో రెడ్‌ను మళ్లీ పంపమనండి. అవాక్స్ పిలుపుకు ఎన్ని సెకన్లలో జవాబు వచ్చిందో టేపులో కొలవండి.