విండోస్ టెస్టులు నడిచాయి, రిపోర్టులో మాత్రం లేవు: ముందు లెక్క, తర్వాత గడియారం

మా సాఫ్ట్‌వేర్‌కు లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా టెస్టులు నడిచాయి. రిపోర్టు పచ్చగా ఉంది, అంటే ఒక్క ఫెయిలూ లేదు. బిల్డ్ (తయారైన సాఫ్ట్‌వేర్ వెర్షన్) రిలీజ్ అయిపోయింది. విండోస్ వాడే కస్టమర్ ఫోన్ చేశాక తెలిసింది, ఆ రిపోర్టులో విండోస్ ఫలితాలే లేవని. ఇది అనంతపురంలో నేను పనిచేసిన చోట జరిగింది. ఆ తర్వాత కర్నూలు, కడప మిత్రుల దగ్గర కూడా చాలాసార్లు ఇదే సరిచేశాను.

ఎవరు పిలిచినా నేను మొదట అడిగేది ఒక్కటే: ఎన్ని టెస్టులు రావాలి, ఎన్ని వచ్చాయి? అందరూ ఎరుపు ఉందా అని చూస్తారు, ఈ లెక్క చూడరు. ఒక్కో ప్లాట్‌ఫాం (ఆపరేటింగ్ సిస్టమ్) మీద 412 ఉంటే మొత్తం 1,236 రావాలి. 824 వస్తే ఒక ప్లాట్‌ఫాం మొత్తం జారిపోయినట్టే. రాని టెస్టు ఫెయిల్‌గా కూడా కనబడదు. దయచేసి ఫలితాలన్నీ కలిపి రిపోర్టు చేసే స్క్రిప్టును ముట్టుకోకముందే ఈ లెక్క వేయండి.

మొత్తం 412 మాత్రమే వచ్చిందా? మూడు మెషీన్లూ ఒకే పేరుతో ఫైలు పంపాయి, చివరగా వచ్చింది మిగతా రెండింటినీ చెరిపేసింది. ఫైలు పేరులో ప్లాట్‌ఫాం పేరు చేర్చండి.

టెస్టులు ఫెయిలైన రోజే రిపోర్టు రావడం లేదా? ఫెయిల్ కాగానే పైప్‌లైన్ (ఈ స్టెప్‌లన్నీ వరుసగా వాటంతటవే నడిచే ఏర్పాటు) అక్కడే ఆగిపోతోంది. పైప్‌లైన్ నడిపే టూల్ గిట్‌హబ్ యాక్షన్స్ అయితే, ఫలితాలు సేకరించే స్టెప్‌కు ఆల్వేస్ కండిషన్ పెట్టండి, అప్పుడు ఫెయిలైనా అది నడుస్తుంది. జెంకిన్స్‌లో అయితే దాన్ని పోస్ట్ కింద ఆల్వేస్ బ్లాక్‌లో ఉంచండి.

ఇక అసలైనది. ఫైలు పేర్లు వేరువేరుగానే ఉన్నాయి, ఫైలు కాపీ కూడా అయింది, అయినా లెక్కలోకి రాలేదు. దీని కోసం నేను మూడు రాత్రులు కూర్చున్నాను.

నిన్నటి ఫలితాలు ఇవాళ్టి వాటిలో కలవకూడదని మా స్క్రిప్టు, రన్ మొదలైన సమయం కంటే పాత ఫైళ్లను వదిలేసేది. ఆ జాగ్రత్త అవసరమే. కానీ మధ్యాహ్నం 3:10కి నడిచిన విండోస్ టెస్టుల ఫైలు మీద ఉదయం 9:40 అని ఉంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. ఆ అంకె కనబడితే ఇంకేమీ వెతకక్కర్లేదు, మన దేశ సమయానికీ యూటీసీకీ (ప్రపంచ ప్రామాణిక సమయానికీ) ఉన్న తేడా అదే.

ఖర్చు తగ్గుతుందని ఒకే పీసీలో లినక్స్, విండోస్ రెండూ వేసి, మార్చి మార్చి బూట్ చేసేవాళ్లం. లినక్స్ మామూలుగా మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ రాస్తుంది. విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. అందుకే లినక్స్ తర్వాత విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మా కాపీ కమాండ్ ఫైలు సమయాన్ని ఉన్నదున్నట్టు తెచ్చేది కాబట్టి అప్పుడే పుట్టిన ఫైలు పాతదైపోయింది. నెట్‌తో సింక్ అయ్యాక గడియారం సర్దుకుంటుంది. అందుకే ఫలితాలు ఒకరోజు వస్తాయి, ఒకరోజు రావు. మనుషులు తప్పుదారి పట్టేది ఇక్కడే. కడప నుంచి ఒక తమ్ముడు "అన్నా, స్క్రిప్టు మొత్తం తిరగరాసినా, విండోస్‌వి మాత్రం రాలేదు" అన్నాడు. గడియారం చూసినావా అంటే చూడలేదు.

పరిష్కారం: విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ కీ కింద రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ పేరుతో డీవర్డ్ (అంకె రాసే ఎంట్రీ) చేసి, 1 ఇచ్చి, రీస్టార్ట్ చేయండి. అప్పుడు విండోస్ కూడా ఆ గడియారాన్ని యూటీసీగానే చదువుతుంది. లినక్స్‌నే స్థానిక సమయానికి మార్చే దారి ఉంది గానీ నేను వద్దంటాను. అలా పెడితే లినక్స్‌లో సమయం చూసే, మార్చే కమాండ్ టైమ్‌డేట్‌సీటీఎల్ కూడా హెచ్చరిస్తుంది. తేడా గంటల్లో కాక ఏళ్లలో ఉంటే, అదీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అయితే, మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయింది. సాధారణంగా అది సీఆర్2032, మార్చేయండి.

గడియారం సరిచేసినా అక్కడితో ఆపకండి. రన్‌కు ముందు ఫలితాల ఫోల్డర్ ఖాళీ చేయించండి. ఫైలు పేరులో బిల్డ్ నంబర్ పెట్టి, స్క్రిప్టును సమయం బదులు ఆ నంబర్‌నే చూడమనండి. ఏ ప్లాట్‌ఫాం ఫైలు రాకపోయినా బిల్డ్ ఫెయిల్ కావాలి. మా దగ్గర ఈ ఒక్క షరతు ముందే ఉండుంటే ఆ రిలీజ్ ఆగేది.

ఇంకా మిగిలినవి అరుదు. విండోస్‌లో కమాండ్లు నడిపే పవర్‌షెల్ 5.1లో అవుట్‌పుట్‌ను బాణం గుర్తుతో (>) ఫైలుకు మళ్లిస్తే అది యూటీఎఫ్-16 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో పడుతుంది, యూటీఎఫ్-8 అని చెప్పి రాయించండి. టెర్మినల్ రంగుల కోడ్‌లు ఫలితాల ఎక్స్‌ఎంఎల్ ఫైలులో చేరితే ఫైలు చదవడమే కుదరదు, టెస్ట్ రన్నర్‌లో (టెస్టులు నడిపే టూల్‌లో) రంగులు ఆపేయండి.