నెట్సుకే చెక్కడం ఎలా: చెక్క ఎంచుకోవడం నుంచి తాడు కట్టేదాకా

కిమోనోకి జేబులుండవు కాబట్టి ఎడో కాలంలో (1603–1868) జపాన్ మగవాళ్ళు పొగాకు సంచి, డబ్బుల సంచి, మందులు పెట్టుకునే ఇన్రో డబ్బా లాంటివన్నీ ఒక తాడుకి కట్టి నడుముకున్న ఒబి అనే బట్ట పట్టీ వెనకనుంచి పైకి తీసి, ఆ తాడు జారి కింద పడకుండా పైకొసకి ఒక చిన్న శిల్పం తగిలించేవాళ్ళు, అదే నెట్సుకే. మధ్యలో తాడుని బిగించడానికి ఒజిమే అని ఒక పూస. చాలావాటి సైజు 3 నుంచి 5 సెంటీమీటర్లు, అంటే గుప్పిట్లో పూర్తిగా దాక్కునేంత.

చెక్కడం మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి బాగా బుర్రకెక్కించుకోండి, ఇది రోజంతా బట్టకి రాసుకుంటూ తిరిగే వాడుక వస్తువు. బయటికి పొడుచుకొచ్చే చెవి, తోక, వేలు ఏదున్నా ఒబి పట్టుకి తగులుకుంటుంది లేదా విరుగుతుంది, అందుకే పాత పనివాళ్ళు జంతువుని ఎప్పుడూ ముడుచుకుని పడుకున్నట్టో, వెనక్కి తిరిగి ఒళ్ళు నాక్కుంటున్నట్టో చెక్కారు. ఇంకోటి, చేత్తో పట్టుకుని తిప్పి చూసే వస్తువు కాబట్టి అడుగుభాగం కూడా ముఖమంత శ్రద్ధగా పూర్తవ్వాలి. నేను ఏ నెట్సుకే చూసినా ముందు తిరగేసి అడుగే చూస్తా, అక్కడే తెలిసిపోతుంది పనితనం.

రకాలు చాలా ఉన్నాయి, బొమ్మలా అన్నివైపులా చెక్కేది కతబోరి, గుండ్రంగా బన్నులా ఉండేది మంజు, గిన్నెలాంటి దాని మీద లోహపు బిళ్ళ బిగించేది కగామిబుత, పొడుగ్గా ఒబిలో దోపుకునేది సషి. ఇక్కడ కతబోరి గురించే చెప్తాను, అందులోనూ కూర్చున్న గోదురుకప్పని తీసుకుందాం. ఇసె ప్రాంతంలో యమడ ఊరి మసనావో వంశం వాళ్ళు ఈ కప్పలకి పేరుమోసినవాళ్ళు. కాళ్ళన్నీ ఒంటికి అంటుకునే ఉంటాయి, విరిగేదేం ఉండదు, పైగా ఒంటిమీద బుడిపెల కోసం ఉకిబోరి అనే పద్ధతి నేర్చుకోవచ్చు, ఈ కళ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

ముందు ముడిసరుకు సంగతి. నెట్సుకే అనగానే అందరికీ ఏనుగు దంతం గుర్తొస్తుంది, నిజమే, పాతవాటిలో చాలా దంతంవే ఉన్నాయి, షమిసెన్ అనే తీగవాద్యాన్ని మీటే బచి అనే పలక తయారుచెయ్యగా మిగిలిన మూల ముక్కల్ని కూడా వదలకుండా వాడారు, అందుకే కొన్ని పాత నెట్సుకేలు మూడుమూలల ఆకారంలో కనిపిస్తాయి. కానీ 1990 నుంచి అంతర్జాతీయంగా దంతం వ్యాపారం మీద నిషేధం అమల్లో ఉంది, దాని జోలికి అస్సలు పోవద్దు, పాత ముక్క ఉందని ఎవరన్నా ఇచ్చినా తీసుకోవద్దు. తెల్లటి మెటీరియల్ కావాలంటే టాగువా గింజ దొరుకుతుంది, దక్షిణ అమెరికాలో ఒక రకం తాటిజాతి చెట్టు గింజ, ఎండితే దంతంలాగే గట్టిగా నున్నగా ఉంటుంది, కాకపోతే చాలా గింజలకి లోపల మధ్యలో బోలు ఉంటుంది కాబట్టి డిజైన్ ఆ బోలుని తప్పించుకునేలా వెయ్యాలి.

దుప్పి కొమ్ముతో చేసినవాళ్ళలో టోక్యో అసకుసకి చెందిన ఒజాకి కొకుసాయ్ పేరు ముందు చెప్పుకోవాలి, కొమ్ము లోపలుండే స్పాంజి లాంటి రంధ్రాల భాగాన్ని కూడా డిజైన్‌లో కలిపేసుకున్నాడాయన. ఇవామిలో తొమిహరు (1733–1811), ఆయన తర్వాతివాళ్ళు అడవిపంది కోర మీద పురుగుల్ని, సాలీళ్ళని చెక్కారు. హిద తకయమలో సుకెనగ (1800–1871) యూ చెట్టు చెక్కని తీసుకుని కత్తి గాట్లు అలాగే కనపడేలా పాలిష్ లేకుండా వదిలేసే ఇత్తోబోరి పద్ధతిలో చేశాడు. యూ చెక్క పొడి విషం, మొదటిసారి చేసేవాళ్ళకి అది వద్దనే అంటాను.

మొదటిదానికి త్సుగె, అంటే బాక్స్‌వుడ్, ఇంక రెండో మాట లేదు. చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, అందువల్ల చెక్క దట్టంగా ఉంటుంది, రంధ్రాలు కంటికి కనపడనంత చిన్నవి, గ్రెయిన్‌కి, అంటే పీచు వెళ్ళే దిశకి, అడ్డంగా కోసినా పొడిపొడిగా రాలదు, వెంట్రుకంత సన్న గీత కూడా నిలబడుతుంది. ఇసె పనివాళ్ళు దగ్గర్లోని అసమ కొండ త్సుగెని వాడేవాళ్ళు. కగోషిమ వైపు నుంచి వచ్చే సత్సుమ త్సుగె దువ్వెనలకీ, ముద్రలకీ, షోగి ఆట కాయలకీ ప్రసిద్ధి, నెట్సుకేకి కూడా బాగుంటుంది. ఎక్కడిదైనా పర్లేదు గానీ బాగా ఆరిన ముక్క కావాలి, మధ్యలో చెట్టు నడిబొడ్డు ఉండకూడదు, అది ఉన్న ముక్క ఎప్పటికైనా పగులుతుంది. ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది అంటే వారానికోసారి తూకం వేసి రాసుకోండి, బరువు తగ్గడం ఆగిపోయాక వాడండి. ఈలోపు రెండు కొసలకీ మైనం పూసి ఉంచితే కొసల దగ్గర చీలికలు రావు.

టూల్స్ ఎక్కువ అక్కర్లేదు. నెట్సుకే వాళ్ళు ముఖ్యంగా వాడేది హిదరిబ అనే కత్తి, కుడిచేత్తో పట్టుకుని బ్లేడు వీపు మీద ఎడమ బొటనవేలు ఆన్చి నెట్టుతూ కోస్తారు. బలం అంతా ఆ బొటనవేలిది, కుడిచెయ్యి కోణం చూసుకుంటుందంతే, ఒక్కో కోత రెండుమూడు మిల్లీమీటర్లకి మించదు, అందుకే కత్తి జారి చెయ్యి తెగడం కూడా తక్కువ. అక్కడి పనివాళ్ళు చాలామంది తమ టూల్స్ తామే ఉక్కుకడ్డీ నుంచి సానపట్టి చేసుకుంటారు. మీకు సైజులు వేరువేరుగా మూడు కత్తులు, గుండ్రటి మొన ఉన్న చిన్న ఉలులు రెండు, గోకడానికి కిసగె అనే స్క్రేపర్ ఒకటి ఉంటే చాలు. సానరాయి మాత్రం మంచిది కొనండి, 1000 గ్రిట్ (గరుకు నంబరు) రాయి మీద పదునుపెట్టి 6000 మీద నున్న చెయ్యండి. అదే చెక్క తుక్కుముక్క మీద గ్రెయిన్‌కి అడ్డంగా కోసి చూడండి, కోసినచోట మెరిస్తే పదునున్నట్టు, పాలిపోయినట్టు తెల్లగా గరుకుగా వస్తే మళ్ళీ రాయి దగ్గరికే.

ఇప్పుడు పని. చెక్క మీదికి వెళ్ళేముందు మైనంతోనో మోడలింగ్ క్లేతోనో అదే సైజులో కప్పని చేసి గుప్పిట్లో పెట్టి గట్టిగా నొక్కి చూడండి, ఎక్కడన్నా గుచ్చుకుంటే ఆ డిజైన్ మార్చాల్సిందే. తర్వాత 4 సెంటీమీటర్ల పొడుగు, 3.5 వెడల్పు, 3 ఎత్తు ఉన్న దిమ్మ తీసుకోండి, గ్రెయిన్ తల నుంచి వెనక్కి వెళ్ళేలా, అప్పుడు ముందుకి చాచిన కాలివేళ్ళు గ్రెయిన్ వెంబడి వస్తాయి కాబట్టి ఊడిపోవు. పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి ఎలా కనిపిస్తుందో పెన్సిల్‌తో గీసి మూలలు రంపంతో తీసెయ్యండి. కళ్ళు వచ్చేచోట మాత్రం చెక్క ఎక్కువే వదలండి, తీసేసింది మళ్ళీ రాదు.

ముతకగా ఆకారం రాగానే వివరాల్లోకి పోకుండా హిమొతోషి, అంటే తాడు రంధ్రాలు వేసెయ్యండి. ఇది చివర్లో చేద్దాంలే అనుకుంటే డ్రిల్ జారిందా మొత్తం పని పోతుంది, ముందైతే పోయేది గంట పనే. కప్ప పొట్ట కింద రెండు రంధ్రాలు, ఒకటి 5 మిల్లీమీటర్లు ఒకటి 3, మధ్యలో 8 నుంచి 10 మిల్లీమీటర్ల చెక్క ఉండేలా, రెండూ ఏటవాలుగా లోపల కలిసేలా చేతి డ్రిల్‌తో నెమ్మదిగా. పెద్దది ఎందుకంటే తాడు ముడి అందులోకి వెళ్ళి దాక్కోవాలి. రంధ్రాలు సరిగ్గా మధ్యలో వెయ్యకండి, ఒక దారం టేపుతో అంటించి వేలాడదీసి చూస్తే కప్ప ఎటు ఒరుగుతుందో తెలుస్తుంది, పొట్ట ఒబి వైపు ఆనుకుని ముఖం బయటికి చూసేలా చోటు ఎంచుకోండి. రంధ్రం అంచులు గుండ్రంగా అరగదీయాలి, లేకపోతే తాడుని కోసేస్తాయి. పాతవాటిలో కొన్నిటికి వేరే రంధ్రాలే ఉండవు, చేయికీ ఒంటికీ మధ్య సహజంగా వచ్చే సందులోంచే తాడు పోనిస్తారు, అలాంటిది చూస్తే నిజంగా దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

తర్వాత పెద్ద గుండ్రాల నుంచి చిన్నవాటికి వెళ్ళడమే, వీపు, తొడలు, తల, ఆఖర్న నోటిగీత, వేళ్ళు. ఒకే చోట కూర్చుని కన్ను పూర్తిచేసి తర్వాత కాలు అనుకోవద్దు, దిమ్మ మొత్తం తిప్పుకుంటూ అన్నివైపులా ఒకే స్థాయిలో దిగాలి. కత్తిపని అంతా అయ్యేదాకా సాండ్‌పేపర్ ముట్టుకోకండి, దాని రేణువులు చెక్కలో ఇరుక్కుని తర్వాత కత్తి పదునంతా తినేస్తాయి.

ఇక ఉకిబోరి. కప్ప వీపు మీద బుడిపెల్ని ఒక్కొక్కటీ చుట్టూ చెక్కుకుంటూ రావచ్చు, కానీ అవి చెక్కినట్టే ఉంటాయి, చర్మంలోంచి లేచినట్టు ఉండవు. అందుకని ఇలా చేస్తారు. వీపుని స్క్రేపర్‌తో నున్నగా చేశాక, కొస గుండ్రంగా మెరిసేలా పాలిష్ చేసిన ఒక ఉక్కు మొనతో బుడిపె రావాల్సిన చోట నొక్కండి, లేదా చిన్న సుత్తితో మెల్లగా ఒక దెబ్బ, అర మిల్లీమీటరు లోపు గుంట పడితే చాలు. మొనకి పదును ఉంటే పీచు తెగుతుంది, తెగిన పీచు ఇంక లేవదు, మనకి కావాల్సింది అణిగిన పీచు. పెద్దవీ చిన్నవీ కలిపి, వరసల్లో కాకుండా, నిజం కప్పకి ఉన్నట్టు వెన్నుకి అటూ ఇటూ గుంపులుగా వెయ్యండి. ఇప్పుడు స్క్రేపర్‌తో వీపంతా పొరపొరగా గీకుతూ ఆ గుంటలు సరిగ్గా మాయమయ్యేదాకా దిగండి, మాయమవ్వగానే ఆగిపోవాలి, ఇంకొంచెం గీకితే అణిగిన పీచు కూడా పోతుంది. ఈ సమయంలో వీపు ఏమీ లేనట్టు నున్నగా ఉంటుంది. బ్రష్‌తో వేడినీళ్ళు రాయండి. అణిగి ఉన్న పీచు నీళ్ళు తాగి ఉబ్బుతుంది, గీకేసిన చెక్క కన్నా పైకి వస్తుంది, చూస్తుండగానే బుడిపెలు లేస్తాయి, చర్మం కిందనుంచి పొడుచుకొచ్చినట్టే. ముందు తుక్కుముక్క మీద రకరకాల లోతుల్లో చేసి చూసుకోండి, పని మధ్యలో వీపు తడవకుండా కూడా చూసుకోవాలి, ముందే తడిస్తే గుంటలు ముందే లేచిపోతాయి.

కళ్ళకి నల్లటి గేదె కొమ్ము వాడతారు. కంటిచోట గుంట తొలిచి, కొమ్ముని కొంచెం కూసుగా పుల్లలాగా చేసి, జిగురు పెట్టి లోపలికి దిగ్గొట్టి, పైన మిగిలింది కోసేసి గోళంలా పాలిష్ చెయ్యాలి. పాతరోజుల్లో జిగురు అంటే నికవ, జంతువుల చర్మం ఎముకల నుంచి తీసేది. ఇక్కడ రెండు కళ్ళూ ఒకే వైపు చూస్తున్నాయో లేదో ఒకటికి పదిసార్లు చూసుకోండి, ఒక కన్ను అర మిల్లీమీటరు పక్కకి జరిగినా కప్ప మొహం పోతుంది.

నునుపుకి 400 నుంచి 2000 దాకా వాటర్‌పేపర్ వాడొచ్చు, పాతవాళ్ళు మాత్రం తొకుస అనే గడ్డికాడని ఎండబెట్టి తర్వాత నానబెట్టి రుద్దేవాళ్ళు, దాని ఒంట్లోనే సిలికా ఉంటుంది కాబట్టి సన్న సాండ్‌పేపర్‌లా పనిచేస్తుంది. ఆ తర్వాత ముకు చెట్టు ఆకు, అది ఇంకా సన్నం. బుడిపెల మీద మాత్రం పేపర్ పెట్టొద్దు, తొకుసతో పైపైన రుద్దితే సరిపోతుంది. దుమ్ము పీల్చకుండా మాస్క్ పెట్టుకోండి, బాక్స్‌వుడ్ పొడి కూడా కొందరికి పడదు.

రంగుకి యషబుషి అనే కాయలు, ఆల్డర్ జాతి చెట్టువి, నీళ్ళలో సన్నమంట మీద కాచి వడకట్టిన రసంలో ముంచి తీస్తే తేనెరంగు నుంచి ముదురు గోధుమ దాకా వస్తుంది. అందులో టానిన్ ఉంటుంది, ఇనప గిన్నెలో కాస్తే నల్లబడిపోతుంది కాబట్టి స్టీలు గిన్నెలో కాయండి. ఆరాక గుడ్డతో ఎత్తుగా ఉన్నచోట్ల రుద్దితే అక్కడ రంగు పలచబడి సందుల్లో ముదురుగా నిలుస్తుంది, వీపు గుండ్రం అప్పుడు బాగా కనిపిస్తుంది. చివర్లో ఇబొత అనే పురుగు మైనం, దొరక్కపోతే తేనెమైనం, చాలా కొద్దిగా రాసి మెత్తటి గుడ్డతో తోమండి. వార్నిష్ వెయ్యొద్దు దయచేసి, చేతికి చెక్క స్పర్శ తెలియకుండా పోతుంది, రేపు వాడకంతో రావాల్సిన నిగారింపు కూడా రాదు. జపాన్ వాళ్ళు ఆ వాడకపు నునుపుని నరె అంటారు, కలెక్షన్ చేసేవాళ్ళు దానికి ఎంతో విలువిస్తారు.

పేరు చెక్కుకోవాలంటే అడుగున, రంధ్రాల పక్కన, చిన్నగా. తాడు పోనిచ్చి ముడి పెద్ద రంధ్రంలోకి లాగండి, ముడి బయటికి కనపడుతుంటే రంధ్రాన్ని లోపలవైపు కొంచెం వెడల్పు చెయ్యండి. పూర్తయిందాన్ని ఎండ పడేచోటా, ఏసీ గాలి నేరుగా తగిలేచోటా పెట్టొద్దు, చెక్క చీలుతుంది.

మంచివి చూడాలంటే క్యోటోలో నెట్సుకేలకే ప్రత్యేకంగా సెయిషు నెట్సుకే మ్యూజియం ఉంది, టోక్యో నేషనల్ మ్యూజియంలో ప్రిన్స్ తకమడొ కలెక్షన్ ఉంది, అందులో ఈ కాలం వాళ్ళు చేసినవి ఎక్కువ. వెళ్ళలేకపోయినా ఫొటోలుంటాయి, అడుగు ఫొటో కూడా ఉన్నవి వెతుక్కుని తాడు రంధ్రాలు ఎక్కడ పెట్టారో, కాళ్ళు కింద ఎలా ముడిచారో కాగితం మీద గీసుకోండి, రెండో నెట్సుకే డిజైన్ అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.