పాత టీవీ అనౌన్సర్ గొంతు దొరకబుచ్చుకోవడం ఎలా

అమెరికాలో లోకల్ టీవీ స్టేషన్లు కొత్తగా మొదలైన రోజుల నుంచి చాలా ఏళ్లపాటు, నెల జీతానికి పనిచేసే అనౌన్సర్లు ఉండేవారు. మొహం కనబడేది కాదు. చిన్న బూత్‌లో కూర్చుని, తెర మీద స్లైడ్ పడగానే స్టేషన్ పేరో, రాబోయే ప్రోగ్రామో, ప్రకటన చివర షాపు అడ్రసో చదివేవారు. పేరు వేయడం అరుదు. కాబట్టి వాళ్లను తలుచుకోవాలంటే ముందు గొంతు దొరకాలి.

స్టేషన్లలో దొరకడం కష్టం. ఆంపెక్స్ కంపెనీ వీడియో టేపు 1956లోనే వచ్చింది గానీ, బాగా ఖరీదు. చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. ఇళ్లలో అటక మీదున్న టేపులే దిక్కు: సినిమా అయిపోయాక రికార్డింగ్ ఆపడం మర్చిపోయిన వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్లు, టీవీ స్పీకర్ ముందు మైకు పెట్టి రికార్డు చేసిన ఆడియో టేపులు.

టేపులో నేను ముందు గంట మారే చోటు చూస్తాను. స్టేషన్ కాల్ లెటర్స్ (స్టేషన్‌ను గుర్తించే ఇంగ్లిషు అక్షరాలు), ఊరి పేరు గంటకోసారి చెప్పడమో చూపించడమో చేయాలని అక్కడి రూలు. కాల్ లెటర్స్ ‘కె’తో మొదలైతే మామూలుగా మిసిసిపీ నదికి పడమర, ‘డబ్ల్యూ’ అయితే తూర్పు. పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ లాంటివి మాత్రం ఈ లెక్కకు లొంగవు.

వీహెచ్‌ఎస్ దొరికితే ముందు దాని వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ విరిచేయండి, పొరపాటున కూడా పైన రికార్డు కాదు. రీలు మీద తెల్లగా బూజుంటే వీసీఆర్‌లో పెట్టకండి. ఆడియోను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఫైలుగా తీసి, దాన్ని ముట్టుకోకుండా దాచి, కాపీ మీద పని చేయండి.

ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. మొదటి టేపుకి హిస్ (బుస్సుమనే చప్పుడు) పోవాలని, చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ దంచేసి, దాని మీదే సేవ్ చేశాను. అసలు టేపులో కాగితం చప్పుడు, చిన్న ఊపిరి, ఆ తర్వాత స్టేషన్ పేరు ఉన్నాయి. నా ఫైల్లో పేరొక్కటే మిగిలింది, బావిలోంచి పిలిచినట్టు. మళ్లీ తీద్దామంటే టేపు నలిగిపోయింది.

అప్పటి అనౌన్సర్ ఎవరైనా మాట్లాడటానికి ఒప్పుకుంటే ‘మీ జ్ఞాపకాలు చెప్పండి’ అనకండి, అందరికీ చెప్పే రెండు కథలే చెబుతారు. చదువుతుండగా దగ్గొస్తే ఏం చేసేవారో అడగండి. బూత్‌లో దగ్గు బటన్ ఉండేది. నొక్కి పట్టుకున్నంతసేపూ మైకు మూగబోతుంది. నేనడిగిన పెద్దాయన జవాబు చెప్పేలోపే ఎడమ చెయ్యి బల్ల మీద ఆ బటన్ కోసం వెతికింది. అందుకే ఆడియో ఒక్కటే కాదు, వీడియో కూడా తీసుకోండి.